ఉత్తర కాలిఫోర్నియా తీరం: వారం ఖరారు చేసే ముందు పంచాంగం చూడండి

సంపాదకుడిగారికి,

మీ ఆదివారం అనుబంధంలో కాలిఫోర్నియా తీరయాత్ర మీద వచ్చిన వ్యాసంలో ఫొటోలు బాగున్నాయి. ప్లానే బాగాలేదు. ఏడు రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌డియేగో దాకా తిప్పి, మధ్యలో వైన్ తోటలూ తిమింగలాలూ సముద్రపు భోజనమూ అన్నీ కుక్కేశారు. ఆ లెక్కన రోజూ నాలుగైదు గంటలు కారులోనే పోతాయి. సెలవు పెట్టుకుని వెళ్లినవాళ్లకి ఎక్కువసేపు కనిపించేవి ముందు కారు వెనక లైట్లే.

ప్రకృతి, వైను, అక్కడి తిండి మూడూ ఒకే వారంలో కావాలంటే బండి దక్షిణానికి కాదు, ఉత్తరానికి తిప్పాలి. గోల్డెన్ గేట్ వంతెన దాటి హైవే 1 మీద పాయింట్ రేయస్, బొడేగా బే, జెన్నర్, గువాలాల, మెండోసినో మీదుగా ఫోర్ట్ బ్రాగ్ దాకా సుమారు 170 మైళ్లు. తిరుగుదారిలో హైవే 128 మీద ఆండర్సన్ వ్యాలీ ద్రాక్షతోటలు. ఏడు రోజులకి ఈ మాత్రం చాలు. ఇంతకు మించి కలిపితే ఉన్నదే చెడుతుంది.

ముందుగా తేదీలు. అందరూ హోటల్ ఖాళీలు చూసి వారం ఎంచుకుంటారు. ఈ తీరానికి అది తలకిందుల పద్ధతి. ఇక్కడ చూడదగ్గ వాటిలో సగం నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడే బయటపడతాయి. నీరు బాగా తగ్గేది అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, సాధారణంగా తిథి వెళ్లిన ఒకటి రెండు రోజుల దాకా. కాబట్టి ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ తీసి ఆ తిథులున్న వారాలకి సున్నా చుట్టండి. తర్వాత అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా వెబ్‌సైట్‌లో ‘అరీనా కోవ్’ స్టేషన్ పట్టిక తెరవండి. అందులో సున్నా అంటే రోజూ నీరు వెనక్కి తగ్గే రెండు వేళల్లో, అంటే రెండు పాట్లలో, ఎక్కువగా దిగేదాని సగటు మట్టం. సున్నాకి కింద, అంటే మైనస్ అంకె ఉన్న రోజులు మనకి కావాలి. మైనస్ ఒక అడుగు ఉంటే రాళ్ల మధ్య గుంటల్లో సముద్ర నక్షత్రాలు, అనిమోన్లు, సన్యాసి పీతలు కాళ్ల దగ్గరే కనిపిస్తాయి. ఒక మెలిక ఉంది. వసంతం, వేసవి నెలల్లో ఈ మైనస్ పాట్లు తెల్లవారుజామున, పొద్దున్నే వస్తాయి. చలికాలంలో మధ్యాహ్నం, సాయంత్రం వేళకి మారతాయి. పిల్లల్ని ఐదింటికి నిద్ర లేపలేని ఇల్లయితే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లడం మేలు. పాటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. సోమవారం చూసిన టైమే బుధవారం కూడా అనుకుని వెళ్తే గుంటలు మునిగిపోయి ఉంటాయి.

ఇక వాతావరణం. అమెరికాలో మనవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. పిల్లలకి బడి సెలవులనీ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారనీ జూలైలో బయల్దేరతారు. ఈ తీరంలో నీరు ఏడాది పొడవునా చల్లగానే ఉంటుంది, 50 నుంచి 55 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య. వేసవిలో లోపలి నేల వేడెక్కిన కొద్దీ ఆ చల్లటి నీటి మీది తేమగాలి ఒడ్డుకి లాక్కొస్తుంది. దాంతో వారం మొత్తం పొగమంచు కప్పేసి ఉండొచ్చు. మెండోసినోలో మధ్యాహ్నం రెండింటికి స్వెట్టర్ విప్పలేరు. అదే సమయంలో కొండకి అవతల గంట దూరంలో బూన్‌విల్‌లో 90 డిగ్రీలు దాటుతుంది. పెద్దవాళ్లకి నూలు చీరలు, పంచెలు సర్దితే సరిపోదు. గాలి దూరని జాకెట్టు, చెవులు మూసే టోపీ, పట్టు దొరికే బూట్లు ఉండాలి. తేటగా ఎండ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు. ద్రాక్ష కోతలు కూడా అప్పుడే. గ్రే తిమింగలాల కోసమైతే డిసెంబరు నుంచి మే దాకా: జనవరిలో దక్షిణానికి, మార్చిలో ఉత్తరానికి పోయేవి ఎక్కువ. పిల్లలతో వచ్చే తల్లులు ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డుకి దగ్గరగా వెళ్తాయి. వాటికోసం పడవ ఎక్కనక్కర్లేదు. బొడేగా హెడ్, పాయింట్ అరీనా, పాయింట్ కబ్రియో కొండకొమ్ముల మీద గాలి తక్కువున్న పొద్దుటిపూట బైనాక్యులర్‌తో కూర్చుంటే చాలు. ముందు తిమింగలాన్ని వెతక్కండి, ఊపిరి వదిలినప్పుడు లేచే తెల్లటి తుంపర వెతకండి.

చలికాలం ప్లానుకి ఒక చిక్కుంది. పెద్ద వానలకి గార్సియా నది పొంగి పాయింట్ అరీనా పైన హైవే 1 మూసేస్తారు. నవారో నది పొంగి హైవే 128 మూసేస్తారు. నవారో ముఖద్వారంలో ఇసుక మేట వేసి నది సముద్రంలోకి పోలేకపోతే, పెద్ద వాన లేకుండానే రోడ్డు మీదికి నీళ్లొస్తాయి. బయల్దేరే పొద్దున రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్ రోడ్డు సమాచారం చూసి తీరాలి. 128 మూస్తే విల్లిట్స్ నుంచి ఫోర్ట్ బ్రాగ్‌కి పోయే హైవే 20 ఉంది. అదీ మలుపులదే.

మకాములు మూడే పెట్టుకోండి. ఆరు రాత్రుల్లో రెండు పాయింట్ రేయస్ లేదా బొడేగా బే దగ్గర, మూడు మెండోసినో లేదా ఫోర్ట్ బ్రాగ్‌లో, ఆఖరిది ఆండర్సన్ వ్యాలీలో. ఈ వరస ఊరికే చెప్పింది కాదు. అమెరికాలో బండి కుడివైపు నడుస్తుంది కాబట్టి ఉత్తరానికి పోయేటప్పుడు మీరు కొండవైపు లేన్‌లో ఉంటారు. లోయవైపు అంచు ఎదురుగా వచ్చేవాళ్లది. హైవే 1 కొత్తవాళ్లకి ఇది పెద్ద ఊరట. వైను చివర పెట్టడానికి కారణం వేరే. మొదటి రోజే సీసాలు కొంటే మిగతా వారమంతా అవి కారు డిక్కీలో ఉడుకుతాయి. వేడికి వైను వ్యాకోచించి బిరడాని పైకి తోస్తుంది, సందులోంచి గాలి చేరుతుంది. ఇంటికొచ్చి తెరిస్తే ఉడికిన పండు వాసన.

దూరం మైళ్లలో కాదు, గంటల్లో లెక్కేయండి. జెన్నర్ నుంచి గువాలాల 38 మైళ్లే. గంటకి పైగా పడుతుంది. గంటకి 25, 30 మైళ్లకి మించి పోనివ్వని మలుపులు అవి. వెనక ఐదు బండ్లు పేరుకుంటే పక్కన ఆగే చోటు చూసుకుని దారి ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టమే చెబుతోంది. మర్యాద కోసమే అనుకుని వదిలేస్తే టికెట్ రాస్తారు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లకి మందు ఎక్కే ముందే వేయాలి, మలుపులు మొదలయ్యాక వేస్తే పనిచేయదు. బొడేగా బేలో పెట్రోలు నింపేయండి, మళ్లీ గువాలాలలో. జెన్నర్ దాటాక ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. మ్యాపు, హోటల్ చిరునామా, పాటు పట్టిక మూడూ ఫోన్‌లో ముందే దింపుకోండి.

పాయింట్ రేయస్‌లో రెండు పనులు ముఖ్యం. ఒకటి 1870 నాటి లైట్‌హౌస్. ఊరి నుంచి కారులో 45 నిమిషాలు, దిగాక 313 మెట్లు కిందికి. దిగడం ఎవరైనా దిగుతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైనున్న కట్ట దగ్గరే కూర్చోబెట్టండి, దృశ్యం అక్కడా బాగుంటుంది. గాలి ఎక్కువైతే మెట్లు మూసేస్తారు. పొద్దున ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. డిసెంబరు నుంచి మార్చి మధ్య అయితే చిమ్నీ రాక్ దగ్గర ఎలిఫెంట్ సీల్స్ పిల్లలు పెట్టే కాలం.

రెండోది టొమాలెస్ బే ఆయిస్టర్లు, అంటే సముద్రపు ఆల్చిప్పలు. 1909 నుంచీ ఇక్కడ ఆయిస్టర్ల సాగు ఉంది. మార్షల్ ఊళ్లో నీళ్ల ఒడ్డునే అమ్ముతారు. పచ్చివే తినాలన్న నియమం ఎక్కడా లేదు. డయాబెటిస్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు పచ్చివి ముట్టుకోకపోవడమే మంచిది. విబ్రియో బ్యాక్టీరియా వాళ్లకి ప్రాణాంతకం కాగలదు, నిమ్మరసం పిండితే అది చావదు. నిప్పుల మీద కాల్చుకోవడం తేలిక. ముందుగా ఒక్కోటీ వేలితో తట్టండి. నోరు తెరిచి ఉండి తట్టినా మూసుకోనిది చచ్చింది, పారేయండి. గుంటగా ఉన్న చిప్ప కిందికి, చదును చిప్ప పైకి వచ్చేలా గ్రిల్ మీద పెట్టండి. తిరగేసి పెడితే ఉప్పటి రసమంతా నిప్పుల్లో పోతుంది, మాంసం తోలులా అవుతుంది. కొన్ని నిమిషాల్లో కీలు దగ్గర బుస్సుమని ఆవిరి వచ్చి పై చిప్ప కాస్త లేస్తుంది. అప్పుడు తువ్వాలుతో పట్టుకుని పొట్టి కత్తి కీలులో దూర్చి తిప్పితే ఊడొస్తుంది. వెన్న, వెల్లుల్లి, కాస్త కారం వేసి అంచులు ముడుచుకునేదాకా మళ్లీ పెట్టండి. అసలు తెరుచుకోనివి తినకండి.

మూడో రోజు ఉత్తరానికి పోయే రోజు. పొద్దున తొమ్మిదికి బయల్దేరినా మెండోసినో చేరేసరికి సాయంత్రం అవుతుంది, అలాగే అవ్వాలి కూడా. రష్యన్ నది సముద్రంలో కలిసే గోట్ రాక్ దగ్గర మార్చి నుంచి ఆగస్టు దాకా సీల్స్ పిల్లలతో ఉంటాయి. 50 గజాల దూరం తగ్గకండి. ఫొటో కోసం దగ్గరికి పోతే తల్లి నీళ్లలోకి దూకేస్తుంది, పిల్ల ఒంటరిదవుతుంది. ఫోర్ట్ రాస్ 1812లో రష్యన్ బొచ్చు వ్యాపారులు కషాయా తెగ వాళ్ల నేల మీద కట్టిన కోట, 1841లో అమ్మేసి వెళ్లిపోయారు. గంట చాలు. సాల్ట్ పాయింట్‌లో తేనెపట్టులా గుల్లపడ్డ ఇసుకరాళ్లు చూడండి. పాటు వేళ కుదిరితే స్కూనర్ గల్చ్ దగ్గర బౌలింగ్ బాల్ బీచ్‌లో వరసగా పడి ఉన్న గుండ్రాళ్లు బయటపడతాయి. కుదరకపోతే అక్కడ దిగడమే దండగ, మామూలు బీచే. పాయింట్ అరీనా లైట్‌హౌస్ పాతది 1906 భూకంపంలో దెబ్బతింది, 1908లో కొత్తది కట్టారు. 115 అడుగులు, పైదాకా ఎక్కనిస్తారు.

ఇక్కడ సముద్రం గురించి నాలుగు ముక్కలు గట్టిగా చెప్పాలి. మన వైజాగ్ బీచ్‌లో లాగా మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫొటోలు దిగే సముద్రం కాదిది. ఎక్కడో దూరపు తుపానులో పుట్టిన అలలు 15 సెకన్లకి పైగా ఎడంతో వస్తాయి. ఇరవై నిమిషాలు సముద్రం శాంతంగానే ఉంటుంది. ఆ తర్వాత ఒక అల అంతకు ముందటి తడి గీత దాటుకుని చాలా పైకి వచ్చేస్తుంది. దాన్ని ఇక్కడ ‘స్నీకర్ వేవ్’ అంటారు. మనుషులు పోయేది దీనివల్లే. జాతీయ వాతావరణ సంస్థ ‘బీచ్ హజార్డ్ స్టేట్‌మెంట్’ ఇచ్చిన రోజు ఇసుకలోకే దిగకండి. మిగతా రోజుల్లో కూడా ఒడ్డుకి చేరగానే పావుగంట పైన నిలబడి అలల తీరు చూడండి. సముద్రానికి వీపు పెట్టకండి, తడిసిన బండల మీద నిలబడకండి, ఒడ్డున పడున్న దుంగలు ఎక్కకండి. అల వస్తే దుంగ దొర్లుతుంది. ఆ చల్లటి నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి మన ఆధీనంలో ఉండదు, పది నిమిషాల్లో చేతులు పట్టుతప్పుతాయి. ఈత వచ్చినా అంతే. పెంపుడు కుక్క కొట్టుకుపోతే వెంట దూకకండి. చాలాసార్లు కుక్కే బయటపడుతుంది.

గుంటలు చూడ్డానికి పట్టికలో ఉన్న పాటు వేళకి గంట ముందే చేరాలి. నీరు తగ్గుతుండగా లోపలికి నడిచి, పాటు వేళ అవ్వగానే వెనక్కి మళ్లాలి. టైముకి సరిగ్గా చేరితే చూసేది తిరిగొచ్చే నీటిని. ఫోర్ట్ బ్రాగ్ పైన మెకరిచర్ పార్కు పిల్లలతో వెళ్లడానికి అనువైన చోటు. రాయి ఎత్తి చూస్తే అదే తీరున మళ్లీ పెట్టండి. గ్లాస్ బీచ్‌లో గాజుముక్కలు ఏరుకోవద్దు. 1967 దాకా ఊరి చెత్త పారబోసిన చోటది, అలలు అరగదీసిన గాజు ఇప్పటికే చాలావరకు జేబుల్లో వెళ్లిపోయింది.

మెండోసినోలో ఉన్న రెండు పూర్తి రోజుల్లో ఒక పూట బిగ్ రివర్‌కి ఇవ్వండి. కనో పడవలు అద్దెకిస్తారు. పోటు ఎక్కుతుండగా నది పైకి తెడ్డు వేసుకుంటూ వెళ్లి, నీరు మళ్లగానే దాంతో పాటే కిందికి రావాలి. పట్టిక చూడకుండా ఎదురు ఈదితే మధ్యాహ్నపు ఎదురుగాలి కూడా తోడై భుజాలు పడిపోతాయి. ఇంకో పూట జగ్ హ్యాండిల్ నడకదారి, పోనూ రానూ కలిపి ఐదు మైళ్ల లోపు. సముద్రం చెక్కిన నేల మెట్లు ఒకదాని పైన ఒకటి ఉంటాయి. ఒక్కో మెట్టూ కిందిదానికన్నా సుమారు లక్ష ఏళ్లు పాతది, దాదాపు 100 అడుగులు ఎత్తు. కింద గడ్డి, మధ్యలో రెడ్‌వుడ్ మహావృక్షాలు, పైమెట్టు మీద నూరేళ్ల చెట్టు నడుం ఎత్తుకే ఆగిపోతుంది. నేల అడుగున బండలాగా గట్టిపడ్డ పొర, పైన పులిసిన సారంలేని మట్టి. వేరు దిగే దారి లేదు, తినడానికి ఏమీ లేదు. వాన పడితే వాన్ డామ్ పార్కులో ఫెర్న్ కాన్యన్. తోటల మీద మోజుంటే 47 ఎకరాల బొటానికల్ గార్డెన్స్‌కి ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి, రోడోడెండ్రాన్లు విరగబూస్తాయి. స్కంక్ ట్రైన్ అనే పాత విహార రైలు ఇప్పుడు ఫోర్ట్ బ్రాగ్ నుంచి విల్లిట్స్ దాకా పోదు, సొరంగం కూలింది. చిన్నపిల్లలుంటే సరే, లేకపోతే వదిలేయొచ్చు.

తిండి దగ్గర మీ వ్యాసం బాగా తప్పింది. ‘అబలోనీ పట్టుకుని వండుకోండి’ అని రాశారు. అబలోనీ ఒక పెద్ద సముద్రపు నత్త. ఎర్ర అబలోనీ వేట 2018 నుంచి మూసేశారు. 2013లో సముద్ర నక్షత్రాలకి తెగులు వచ్చి కుప్పలుగా చచ్చాయి. వాటికి ఆహారమైన, ఒళ్లంతా ముళ్లుండే ఊదా సీ అర్చిన్లు అడ్డూ అదుపూ లేకుండా పెరిగాయి. దాని మీద 2014 నుంచి 2016 దాకా నీరు వేడెక్కడంతో ఇక్కడి కెల్ప్ నాచు అడవి నూటికి 90 వంతులకి పైగా పోయింది. ఆ నాచే తిని బతికే అబలోనీ ఆకలితో చచ్చింది. ఇప్పుడు పట్టుకుంటే భారీ జరిమానా. ‘లోకల్ సాల్మన్’ సంగతీ అంతే: 2023, 2024, 2025 మూడేళ్లూ కాలిఫోర్నియాలో వాణిజ్య సాల్మన్ వేట ఆపేశారు. మెనూలో కనిపిస్తే ఎక్కడిదని అడగండి. బండలకి పట్టిన మసెల్స్ చిప్పలు మే 1 నుంచి అక్టోబరు 31 దాకా ఏరుకోకూడదని ఆరోగ్యశాఖ నిషేధం. వాటిలో చేరే విషం ఎంత ఉడికించినా పోదు. దుకాణంలో అమ్మే సాగు మసెల్స్‌కి ఈ గొడవ లేదు.

తినాల్సింది డంజినెస్ పీత. మెండోసినో తీరంలో వాణిజ్య వేట డిసెంబరు 1న మొదలవ్వాలి. పీతల బోనులకి కట్టే తాళ్లలో తిమింగలాలు చిక్కుకుంటున్నాయని కొన్నేళ్లుగా ఆలస్యమవుతోంది. కనుక క్రిస్మస్‌కి పీత ఖాయమని ప్లాన్ వేసుకోకండి, జనవరి నయం. ఫోర్ట్ బ్రాగ్ నోయో హార్బర్‌లో బతికినవి దొరుకుతాయి. ఎత్తితే బరువుగా, కాళ్లు గట్టిగా ఆడిస్తూ ఉండాలి. చూపుకి పెద్దగా ఉండి చేతికి తేలికైతే కుబుసం విడిచి ఎక్కువ రోజులు కాలేదన్నమాట, లోపల నీళ్లే. రెండు పౌన్ల పీతలో అర పౌను మాంసం వస్తే ఎక్కువ. మనవాళ్లకి ఒక్క హెచ్చరిక. డొమోయిక్ ఆసిడ్ అనే విషం పీత కడుపులో, ఆ పసుపు పచ్చటి గుజ్జులో చేరుతుంది, వండితే పోదు. నిలువునా ఉడికిస్తే ఆ నీళ్లలోకి దిగుతుంది. మనం చేసే పీతల పులుసులో ఆ రసమే కదా రుచి. కాబట్టి ఆరోగ్యశాఖ హెచ్చరిక అమల్లో ఉన్నప్పుడు పైచిప్ప విప్పి, గుజ్జూ మొప్పలూ తీసేసి, కడిగి, ఆ తర్వాతే ముక్కలు పులుసులో వేయండి. నిలువునా ఉడికించినవాళ్లు ఆ నీళ్లు పారబోయాలి.

పుట్టగొడుగుల కాలం నవంబరు నుంచి జనవరి. చాంటరెల్, కింగ్ బొలీట్, ఎండితే మేపుల్ పాకం వాసన వచ్చే క్యాండీ క్యాప్ అన్నీ హోటళ్లలో, సంతల్లో దొరుకుతాయి. శాకాహారులకి ఈ యాత్రలో అసలైన స్థానిక రుచి అదే. కొని తినండి, ఏరుకోకండి. ఇక్కడ ఓక్ చెట్ల కింద మొలిచే డెత్ క్యాప్, మొగ్గ దశలో మన వరిగడ్డి పుట్టగొడుగులా ఉంటుంది. ఆసియా నుంచి వచ్చినవాళ్లు ఆ పోలిక చూసే మోసపోతారు. తిన్న ఆరు గంటల దాకా ఏమీ తెలియదు, వాంతులు మొదలయ్యేసరికి కాలేయం మీద దెబ్బ పడి ఉంటుంది. శాకాహారులు వంటిల్లున్న బసే తీసుకోవాలి. పప్పులు, పోపు సామాను బే ఏరియాలోనే కొనుక్కెళ్లండి. కూరగాయలు ఫోర్ట్ బ్రాగ్‌లో దొరుకుతాయి.

ఇప్పుడు వైను. ఆండర్సన్ వ్యాలీ వాయవ్యంగా సముద్రం వైపు తెరుచుకున్న సన్నటి లోయ. రాత్రి పొగమంచు లోపలికి వస్తుంది, పగలు ఎండ కాస్తుంది. పగటికీ రాత్రికీ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా వచ్చే రోజులున్నాయి. పండులో పులుపు చావకుండానే వాసన నిండుతుంది. అందుకే ఇక్కడ పినో నువార్ అనే ఎర్ర వైను, గెవుర్జ్‌ట్రామినర్, రీస్లింగ్ అనే తెల్లవి, బుడగలొచ్చే మెరిసే (స్పార్క్లింగ్) వైన్లు బాగా వస్తాయి. హష్ వైనరీ 1971లో, నవారో వైనరీ 1974లో మొదలయ్యాయి. ఫ్రాన్స్ షాంపేన్ ప్రాంతపు లూయీ రోడరర్ 1982లో ఇక్కడికి వచ్చింది. 1983లో లోయకి ద్రాక్షప్రాంతంగా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది.

రోజుకి రెండు వైనరీలు, మహా అయితే మూడు. వారం మధ్యలో కొన్ని మూసి ఉంటాయి, చాలావాటికి ఐదింటికే తలుపులు పడతాయి. ఆరుగురు దాటితే ముందే బుక్ చేసుకోండి. మెరిసే వైనుతో మొదలుపెట్టి, తీపి లేని తెల్లవి, తర్వాత పినో, ఆఖరున తీపివి. వరస మారిస్తే తీపి తర్వాత అన్నీ పుల్లగానే తోస్తాయి. ఆ రోజు అత్తరు, సెంటు పూసుకోకండి. గ్లాసులోది సగమే తాగి మిగతాది బకెట్‌లో పోయడం అక్కడ తప్పు కాదు, తెలిసినవాళ్లు చేసే పనే. లెక్క చూడండి: ఒక్కో రుచికి 45 మిల్లీలీటర్ల చొప్పున ఐదు పోస్తే 225. పదమూడున్నర శాతం వైను అయితే దాదాపు 24 గ్రాముల ఆల్కహాలు. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ 14 గ్రాములు. అంటే ఒక్క వైనరీలోనే ఒకటిన్నర డ్రింక్ దాటిపోయింది, రెండైతే మూడు దాటాయి. శరీరం గంటకి సుమారు ఒకటే కరిగిస్తుంది. చట్టం గీత రక్తంలో 0.08 శాతం. 21 ఏళ్ల లోపువాళ్లకి 0.01. హెచ్‌-1బి, ఎఫ్‌-1 వీసాలవాళ్లకి ఇంకో ముప్పుంది: తాగి నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. కాబట్టి నడిపేవాళ్లు ఆ రోజుకి తాగరు, అంతే. ఇందులో బేరం లేదు. వాళ్లకీ, పిల్లలకీ, తాగని పెద్దలకీ నవారో వైనరీలో అదే గెవుర్జ్‌ట్రామినర్, పినో పండ్లతో చేసిన ఆల్కహాలు లేని రసం దొరుకుతుంది. మూత తీసిన సీసా ఏదైనా డిక్కీలోనే పెట్టాలి, సీటు దగ్గర కనిపిస్తే అదో కేసు.

మన వంటతో తాగేవాళ్లకి ఒక మాట. కారానికి ఎక్కువ ఆల్కహాలు, వగరు ఉన్న ఎర్ర వైను తోడైతే మంట రెట్టింపవుతుంది. కాస్త తీపి మిగిల్చిన రీస్లింగ్, గెవుర్జ్‌ట్రామినర్ ఆ మంట తగ్గిస్తాయి. పినో పుట్టగొడుగులకి, మెరిసేది పీతకీ ఆయిస్టర్లకీ. బూన్‌విల్‌లో ఫ్రాన్స్ ఎస్పెలెట్ రకం మిరప పండించి పొడి అమ్ముతారు. పండు వాసన బాగుంటుంది గానీ గుంటూరు కారం తిన్న నాలుక దాన్ని లెక్కచేయదు.

బుకింగుల్లో జాగ్రత్తలు మూడు. రాష్ట్ర పార్కుల్లో క్యాంపు చోట్లు ఆరు నెలల ముందు పొద్దున ఎనిమిదింటికి తెరుచుకుంటాయి, వేసవి శని ఆదివారాలు వెంటనే అయిపోతాయి. బసలు చాలావరకు వారాంతంలో రెండు రాత్రులు తప్పనిసరి అంటాయి. అందుకే ఆదివారం బయల్దేరి శనివారం తిరిగి రావడం కలిసొస్తుంది, ఆండర్సన్ వ్యాలీలో ఒక్క రాత్రి బస శుక్రవారం ఒప్పుకునేవాళ్లని ముందే వెతుక్కోవాలి. మూడోది, ఈ ఊళ్లలో భోజనశాలలు మంగళ, బుధవారాల్లో మూసేసేవి ఎక్కువ. టేబుల్ అడిగే ముందు సెలవు రోజు అడగండి. రాత్రి తొమ్మిది దాటితే తిండి దొరకడం కష్టం.

ఆఖరి రోజు పొద్దున ఫైలో దగ్గర హెండీ వుడ్స్‌లో రెడ్‌వుడ్ల కింద గంట నడిచి, యాపిల్ కాలమైతే రోడ్డు పక్క బల్ల మీద ఒక సంచి కొనుక్కుని, పదకొండు లోపు బయల్దేరితే సాంటా రోజా దగ్గర రద్దీ ముదరకముందే దాటేస్తారు. సీసాలు ఇండియా తీసుకెళ్లే పెద్దలుంటే, కస్టమ్స్ మినహాయింపు మనిషికి రెండు లీటర్లే. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పెట్టొచ్చు, మూడోది గీత దాటుతుంది. చెక్-ఇన్ సూట్‌కేసు మధ్యలో, బట్టల చుట్టతో, ఒక్కోటీ విడి ప్లాస్టిక్ సంచిలో.

ఇకముందు ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు మైళ్ల పక్కన గంటలు కూడా అచ్చువేయమని, వేట నిషేధాలు ఒకసారి సరిచూడమని మనవి.

ఇట్లు,
బే ఏరియా నుంచి ఒక పాఠకుడు